పాత మాన్‌స్టర్ సినిమాల క్యాసెట్లు, డిస్కులు: ఆడనప్పుడు ఏం చూడాలి?

1950ల నాటి సైన్స్ ఫిక్షన్ మాన్‌స్టర్ సినిమాలు కూడబెట్టే పిచ్చి వరంగల్, హనుమకొండల్లో కొందరికి ఉంది. సరుకు మాత్రం ఎక్కడెక్కడి నుంచో వస్తుంది. హైదరాబాద్ పాత సామాన్ల బజార్లలో దొరికే వీహెచ్ఎస్ క్యాసెట్లు కొన్ని, అమెరికా నుంచి చుట్టాలు సూట్‌కేసులో వేసుకొచ్చే డీవీడీలు, బ్లూరేలు కొన్ని. ఆడకపోతే ‘ఖరాబైంది’ అని పక్కన పడేస్తాం. అలా పడేసినవాటిలో నిజంగా పాడైనవి తక్కువే.

డిస్కు పెడితే ‘ఈ రీజియన్‌లో ఆడదు’ అని వస్తోంది

డిస్కు బాగానే ఉంది, తాళం వేరు. ప్రపంచాన్ని రీజియన్లుగా విడగొట్టి, ఒకచోటి డిస్కు ఇంకోచోటి ప్లేయర్‌లో ఆడకుండా కంపెనీలు వేసిన తాళం అది. డీవీడీలకు మనది రీజియన్ 5, అమెరికాది 1, జపాన్‌ది 2. బ్లూరేలకు మనది సి, అమెరికా, జపాన్‌లది ఎ. పెట్టె వెనక చిన్న భూగోళం బొమ్మలో ఆ అంకె ఉంటుంది. చాలా డీవీడీ ప్లేయర్లకు రిమోట్‌తో నొక్కే కోడ్ ఒకటి ఉంటుంది, మోడల్ నంబర్‌తో వెతకండి. కానీ డీవీడీ తాళం తీసే కోడ్‌తో బ్లూరే తాళం రాదు. దానికి రీజియన్‌ఫ్రీ ప్లేయరే కావాలి. కంప్యూటర్ డ్రైవ్‌లోనైతే రీజియన్‌ను 5 సార్లే మార్చగలం, తర్వాత అలాగే బిగుసుకుపోతుంది. ఊరికే మారుస్తూ కూర్చోవద్దు.

బావ తెచ్చిన ప్లేయర్ ప్లగ్ పెట్టగానే కాలిన వాసన

అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. వెనక చీటీ మీద 100-240 అని ఉంటే భయం లేదు. ఒక్క 120 మాత్రమే ఉంటే వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోవద్దు.

క్యాసెట్‌లో బొమ్మ పైకీ కిందకీ దొర్లుతోంది

టీవీ బొమ్మను పంపే పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది: అమెరికా, జపాన్ టేపులు ఎన్‌టీఎస్‌సీ, మన వీసీఆర్‌లు పాల్. పాల్ మాత్రమే తెలిసిన మెషిన్‌లో ఎన్‌టీఎస్‌సీ టేపు పెడితే బొమ్మ నిలవదు, రంగులూ పోతాయి. నలుపు తెలుపు సినిమా కాబట్టి రంగులు పోయిన సంగతి మనకు తెలియదు, అందుకే తప్పు టేపు మీదికి నెట్టేస్తాం. ఎన్‌టీఎస్‌సీ ప్లేబ్యాక్ ఉందని మెషిన్ మీద రాసి ఉందేమో చూసి సెకండ్‌హ్యాండ్‌లో కొనండి. జపాన్ కంపెనీ ఫునాయి 2016లో తయారీ ఆపేశాక కొత్త వీసీఆర్ ఆశ లేదు.

క్యాసెట్ కిటికీలోంచి తెల్లటి పొడి కనిపిస్తోంది

అన్నిటికంటే టెన్షన్ పడాల్సింది దీనికే. చుట్ట అంచున పిండి చల్లినట్టుంటే అది దుమ్ము కాదు, బూజు. వానాకాలంలో చెమ్మ పట్టే గోడకు ఆనించి పెట్టిన క్యాసెట్లకు ఎక్కువగా వస్తుంది. ‘ఒకసారి ఆడించి చూద్దాం’ అని మాత్రం అనుకోవద్దు. బూజు వీసీఆర్‌లో టేపును చదివే హెడ్‌కు అంటుకుంటుంది, ఆ తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. పొరలు అతుక్కుని ఉంటే టేపు అక్కడికక్కడే తెగుతుంది.

ముందు దాన్ని విడిగా కవర్లో కట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి బాగా ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు, మన మే నెల ఎండకు డబ్బా వంకర పోతుంది. ఆరాక మూతికి మాస్క్ కట్టుకుని వాకిట్లో కూర్చుని, అడుగున ఉన్న 5 స్క్రూలు విప్పి, పోగులు రాని బట్టతో చుట్టల అంచులు మెల్లగా తుడవండి. హెడ్ అప్పటికే మురికైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి తోలుముక్కను హెడ్ ఉండే గుండ్రటి డ్రమ్‌కు ఆనించి కదలకుండా పట్టుకుని, డ్రమ్‌నే చేత్తో తిప్పాలి. పైకీ కిందకీ రుద్దితే హెడ్ విరుగుతుంది. దూది పుల్లలు అసలే వద్దు.

తర్వాత టేపును ఒక చివరికి పూర్తిగా చుట్టి, పుస్తకాల్లా నిలబెట్టి బీరువాలో పెట్టండి. స్లాబ్ కింది సజ్జ మీద వద్దు. కలరా ఉండలు కూడా వేయకండి, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కు మంచిది కాదు.

‘సినిమా కోసేశారు, నిమిషాలు తక్కువున్నాయి’

రెండు కారణాలుండొచ్చు. 1954 జపాన్ ‘గాడ్జిల్లా’ 96 నిమిషాలు. 1956లో అమెరికావాళ్లు రేమండ్ బర్ అనే నటుడితో కొత్త సీన్లు తీసి కలిపి, పాతవి కొన్ని తీసేసి 80 నిమిషాలు చేశారు. మొదట్లోనే శిథిలాల మధ్య అమెరికన్ విలేకరి కనిపిస్తే మీ చేతిలో ఉన్నది ఆ రెండోది. నా దృష్టిలో రెండూ దాచుకోదగ్గవే, కానీ మొదటిది చూడకుండా రెండోదాన్ని బట్టి తీర్పు చెప్పొద్దు.

రెండో కారణం పాల్. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమా పాల్‌లో 25తో పరుగెడుతుంది. అందుకే 96 నిమిషాలది 92కు దిగుతుంది, గొంతులూ కాస్త సన్నబడతాయి. కత్తెర పడినట్టు కాదు, గొడవ పెట్టుకోకండి.

మొహాలు లావుగా, గాడ్జిల్లా పొట్టిగా కనిపిస్తున్నాయి

టీవీ బొమ్మను సాగదీస్తోంది. సెట్టింగ్‌లో 4:3 పెట్టండి. పక్కన నల్ల పట్టీలు రావడమే సరైనది.

కొత్త డీవీడీ మధ్యలో ఆగి ఆగి ఆడుతోంది

తిప్పి చూడండి. అడుగుభాగం ఊదారంగులో ఉంటే ఇంట్లో కాపీ కొట్టిన డిస్కు అని అనుమానించాలి. కంపెనీ ముద్రించినదైతే వెండిరంగులో ఉండి, మధ్య రంధ్రం చుట్టూ ఐఎఫ్‌పీఐ అనే సన్నటి అక్షరాలు మామూలుగా కనిపిస్తాయి. కొట్టు లోపలి ట్యూబ్‌లైట్ కింద ఇది తెలియదు. బయటికి తెచ్చి వెలుతురులో చూశాకే డబ్బులివ్వండి.