పోకర్‌లో కాల్, రెయిజ్, ఫోల్డ్: ఎప్పుడు ఏది?

బరంపురం, పర్లాకిమిడి వైపు కుమార పూర్ణిమ రాత్రి పేకతో కూర్చునే అలవాటున్న మన తెలుగువాళ్ళకు రమ్మీ కొత్త కాదు. ఆ అలవాటుతోనే ఫోన్‌లో పోకర్ మొదలుపెట్టినవారిలో ఎక్కువమంది చేసే తప్పు, అవసరం లేని చోట కాల్ చేయడం, అంటే ఎదుటివారు వేసినంత పందెం తామూ వేయడం. రమ్మీలో ఆటలో నిలిచాక కావలసిన ముక్క కోసం ప్రతిసారీ చెల్లించనక్కరలేదు. పోకర్‌లో మాత్రం ఎదుటివారు పందెం వేసిన ప్రతిసారీ ఎదురుచూపుకు ధర కట్టాలి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. కనుక ఇక్కడ చెప్పేది డబ్బుతో సంబంధం లేని ఉచిత చిప్స్‌తో (పందెపు బిళ్ళలతో) టెక్సస్ హోల్డెమ్ ఆడేవారి కోసమే. ఈ రకం పోకర్‌లో ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు పడతాయి.

చేతికి రెండు ముక్కలు వచ్చాక, మీకంటే ముందు ఎవరూ ఆటలోకి దిగకపోతే, బిగ్ బ్లైండ్‌కు (ముక్కలు చూడకముందే ఒకరు తప్పనిసరిగా వేసే పందానికి) రెండున్నర నుంచి మూడు రెట్లు రెయిజ్ చేయండి, అంటే పందెం పెంచండి, లేదా ఫోల్డ్ చేయండి, అంటే చేతిని వదిలేయండి. ఊరికే కాల్ చేసి లోపలికి రావడం వల్ల ప్రయోజనం చాలా తక్కువ. అందరికంటే ముందు నిర్ణయం చెప్పవలసిన స్థానంలో ఆసు-ఆరు వంటి చేతిని వదిలేయాలి. బల్ల మీద ఆసు పడినా, అవతల ఆసు-రాణి ఉంటే, ఆరు కంటే రాణి పెద్దది కనుక, ఎక్కువగా నష్టపోయేది మీరే. చిన్న జతకు ఫ్లాప్‌లో (బల్ల మీద మొదట పడే మూడు ముక్కల్లో) అదే అంకె మూడో ముక్క దొరికే అవకాశం దాదాపు 12 శాతం మాత్రమే కాబట్టి, కాల్ చౌకగా ఉండి, ఎదుటివారి దగ్గర చిప్స్ బాగా ఉన్నప్పుడే దానితో ముందుకు వెళ్ళాలి.

అసలు పరీక్ష ఫ్లాప్ తరువాత మొదలవుతుంది. మీ చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు తొమ్మిది ఉన్నాయనుకుందాం. బల్ల మీద ఇస్పేటు రాజు, ఇస్పేటు నాలుగు, కళావరు ఏడు పడ్డాయి. పాట్‌లో (అందరి పందేలూ చేరిన కుప్పలో) 600 చిప్స్ ఉండగా ఎదుటివారు 300 వేశారు. మీరు 300 వేస్తే మొత్తం 1200 అవుతుంది, అంటే ఈ కాల్‌కు కనీసం 25 శాతం గెలుపు అవకాశం ఉండాలి. మీకు కనిపించని 47 ముక్కల్లో ఇస్పేట్లు తొమ్మిది, కాబట్టి తరువాతి ముక్కతోనే ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు ఐదు) పూర్తయ్యే అవకాశం దాదాపు 19 శాతం. రెండు ముక్కలూ చూడగలిగితే అది 35 శాతానికి చేరుతుంది, కాని రెండో ముక్కకు మళ్ళీ ధర కట్టవలసి రావచ్చన్న సంగతి చాలామంది మరిచిపోతారు. కావలసిన 25కు, ఉన్న 19కి మధ్య ఈ లోటు పూడాలంటే, ఇస్పేటు పడిన తరువాత ఎదుటివారి నుంచి సగటున మరో 370 చిప్స్ వరకు రాబట్టగలగాలి. వారి దగ్గర అన్ని ఉండి, వదలని స్వభావం కలవారైతే కాల్ సబబే. ఒత్తిడికి వదిలేసేవారైతే రెయిజ్ మేలు, ఎందుకంటే వారు అప్పుడే ఫోల్డ్ చేయవచ్చు, చేయకపోయినా మీకు ఇస్పేటు పడే అవకాశం మిగిలే ఉంటుంది.

మీరు కాల్ చేశారు, టర్న్‌లో (బల్ల మీద నాలుగో ముక్కగా) పనికిరాని ముక్క పడింది, వారు పాట్ అంత, అంటే 1200, వేశారు. ఇప్పుడు 33 శాతం కావాలి, ఉన్నది 20 శాతం లోపే. పెట్టిన 300 గుర్తుచేసుకోకుండా ఫోల్డ్ చేయండి. అవి ఇక మీవి కావు.

రివర్‌లో, అంటే ఐదో ముక్క పడ్డాక, ఎదురుచూడవలసిన ముక్క లేదు. ఎదుటివారు పాట్‌లో సగం వేసినప్పుడు, ఒక మోస్తరు జతతో మీరు తేల్చుకోవలసింది, అలాంటి పందేల్లో నాలుగింట ఒకటైనా బ్లఫ్ (బలం లేకున్నా ఉన్నట్టు వేసిన పందెం) అయి ఉంటుందా అన్నదే. ఉచిత బల్లల మీద అంతవరకు నిశ్శబ్దంగా కాల్ చేస్తూ వచ్చిన ఆటగాడు చివర్లో హఠాత్తుగా భారీగా రెయిజ్ చేస్తే, దాన్ని నమ్మి వదిలేయడమే సరైనదని నా అభిప్రాయం.

వంతు రాకముందే నొక్కి ఉంచే బటన్లు యాప్‌లలో ఉంటాయి; వాటిని వాడకండి. మీ ముందువారు ఎంత వేశారో చూడకుండా పై లెక్కల్లో ఏదీ వేయలేరు.