బీఎస్సీ అగ్రికల్చర్ అయ్యాక అగ్రిబిజినెస్: నా సలహా

మా బాపట్ల కాలేజీ జూనియర్లు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అన్నా, క్యాట్ రాయాలా?" రాయాలి. మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష అది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ మేనేజ్‌మెంట్ సంస్థ 'మేనేజ్‌'కైనా, అహ్మదాబాద్, లక్నో ఐఐఎంల అగ్రిబిజినెస్ (వ్యవసాయ వ్యాపార నిర్వహణ) కోర్సులకైనా దారి అదే. అన్నీ రెండేళ్ల కోర్సులే.

క్యాట్ నవంబరు చివర్లో జరుగుతుంది, దరఖాస్తులు ఆగస్టులోనే మొదలవుతాయి. ఇంటర్ బైపీసీతో వచ్చిన మనకు లెక్కలంటే టెన్షన్ సహజం. శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు ముందు పట్టండి. ఆప్షన్లు ఇచ్చే ప్రశ్నల్లో తప్పు జవాబుకు మార్కు పోతుంది కాబట్టి తెలియనిది వదిలేయడమూ ప్రాక్టీస్ చేయాలి. కోచింగ్ ఎక్కడన్నది పెద్ద విషయం కాదు, మాక్ టెస్టులు రాస్తే చాలు.

అసలు పని ఇంటర్వ్యూ దగ్గర. నేను చెప్పేదల్లా, ఒక్క పంటను చివరిదాకా వెంబడించండి. గుంటూరు మిర్చి యార్డుకు పొద్దున్నే వెళ్లి నిలబడండి. తేజ రకానికి ఒక ధర, రంగు పోయిన తాలు కాయకు అంతకంటే బాగా తక్కువ రావడం ఎందుకో కమీషన్ ఏజెంటునే అడగండి. రైతు ఈ రోజే అమ్ముతున్నాడా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆ రసీదు మీద అప్పు తెస్తున్నాడా? వడ్డీ, అద్దె పోను మిగిలేదెంత? కాగితం మీద లెక్క వేసుకోండి. "రైతులకు సేవ చేస్తాను" అనే డైలాగు ఇంటర్వ్యూ చేసేవాళ్లు రోజూ వింటారు, ఈ లెక్క వినరు.

ఫీజు లక్షల్లో ఉంటుంది. సీటు వచ్చాక కాదు, దరఖాస్తు పెట్టినప్పుడే బ్యాంకులో విద్యారుణం సంగతి కనుక్కోండి.