పొడుగు మనిషి, పాత 172: పైలట్ సీట్ ని మన ఒంటికి తగ్గట్టు చేసుకోవడం

నా హైట్ ఆరడుగుల నాలుగు అంగుళాలు. డల్లాస్ దగ్గర నేనూ ఇంకో ముగ్గురు ఫ్రెండ్సూ కలిసి ఒక పాత సెస్నా 172ఎన్ (నాలుగు సీట్ల చిన్న విమానం) పెట్టుకున్నాం, అందులో గంటన్నర కూర్చుంటే చాలు కుడి తొడ తిమ్మిరెక్కి, నడుము పట్టేసి, దిగాక రెక్క కింద స్ట్రట్ పట్టుకుని రెండు నిమిషాలు అలాగే నిలబడాల్సొచ్చేది. తిమ్మిరెక్కిన కాలుతో క్రాస్‌విండ్ లో, అంటే పక్క గాలిలో, రడ్డర్ పెడల్ తొక్కడం అంటే మాటలు కాదు. పొడుగ్గా ఉన్న మనవాళ్ళు చాలామంది "చిన్న విమానం కదా, ఇంతేలే" అని సర్దుకుపోతుంటారు, నేనూ రెండేళ్ళు సర్దుకున్నా, కానీ అంత అవసరం లేదు, జాగ్రత్తగా చేస్తే చాలావరకు సరిపోతుంది.

అన్నిటికంటే ముందు మీ పొడుగు ఎక్కడుందో చూసుకోండి. కొంతమందికి నడుము పై భాగం పొడుగు, వాళ్ళ తల కప్పుకి తగులుద్ది. కొంతమందికి కాళ్ళు పొడుగు, వాళ్ళ మోకాళ్ళు ప్యానెల్ కీ యోక్ కీ (విమానం స్టీరింగ్) తగులుతాయి. ఈ ఇద్దరికీ చేయాల్సింది వేరు, ఒకరికి మంచి చేసేది ఇంకొకరికి చెరుపు చేస్తుంది. ఇంట్లో గట్టి చెక్క కుర్చీలో వీపు గోడకి ఆనించి కూర్చుని, కుర్చీ మీద నుంచి నడినెత్తి దాకా ఒక కొలత, గోడ నుంచి మోకాలి చిప్ప దాకా ఇంకో కొలత, టేపు ఇంకొకళ్ళ చేతికిచ్చి తీయించండి, సొంతంగా తీసుకుంటే వంగిపోతాం. తర్వాత విమానంలో హెడ్‌సెట్ పెట్టుకుని, బెల్ట్ బిగించి, ఎగిరేటప్పుడు ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని హెడ్‌సెట్ పట్టీకి కప్పుకి మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. నేనైతే నాలుగు వేళ్ళు పట్టాలంటాను. జూలైలో మధ్యాహ్నం రెండింటికి టెక్సాస్ మీద గాలి ఎత్తి కుదేస్తుంటే రెండు వేళ్ళ ఖాళీ ఏ మూలకీ రాదు, నాకు తల కొట్టుకున్నది అలాంటి రోజే.

నాది రెండూ కలిసిన కేసు, కానీ మొండెం పొడుగే ఎక్కువ. 172 హై వింగ్ (రెక్క కప్పు మీద ఉండే రకం) కాబట్టి ఇంకో ఇబ్బంది కూడా ఉంది, పొడుగు మనిషి కళ్ళు సరిగ్గా రెక్క కింది అంచు లెవెల్ కి వస్తాయి, ఎడమకి చూడాలంటే ప్రతిసారీ మెడ వంచాలి. ప్యాటర్న్ లో (దిగే ముందు రన్‌వే పక్కన తిరిగే దారి) పక్క ట్రాఫిక్ చూడ్డానికి వంగి వంగి నా మెడ పోయింది. అందుకే నా సూత్రం ఒకటే, సీట్ ని మెత్తగా చేయడం కాదు, కిందికి దించడం.

ఫోమ్ కొయ్యకముందే ఖర్చు లేని పనులు చేసేయండి. 172ఎన్ లో పైలట్ సీట్ ఫోర్-వే, సిక్స్-వే అని రెండు రకాలు, సిక్స్-వే అయితే హైట్ కూడా మారుద్ది, చాలామంది దాన్ని ముట్టుకోరు, పూర్తిగా కిందికి తిప్పేయండి. వీపు భాగం ఒక నాచ్ వెనక్కి వాల్చండి, తల కొంచెం దిగుద్ది, మరీ వాల్చితే చెయ్యి ముందుకి సాగదీయాలి, భుజాలు లాగేస్తాయి. మందపాటి సోల్ బూట్లు మానేయండి. తొడ మీద పెట్టుకునే నీబోర్డ్ చిన్నది తీసుకోండి. ప్రతి మార్పు తర్వాత యోక్ ని పూర్తిగా వెనక్కి లాగి, అటు చివరికి ఇటు చివరికి తిప్పి, రెండు రడ్డర్లూ ఆఖరిదాకా తొక్కి, కాలి వేళ్ళతో బ్రేకులు నొక్కి చూడండి. ఎక్కడైనా తొడకి తగిలిందా, ఆ మార్పు పనికిరాదు, వెనక్కి పెట్టేయండి.

ఇప్పుడు రూల్స్ సంగతి. అమెరికాలో విమానాల మెయింటెనెన్స్ రూల్స్ ఉండే పార్ట్ 43 లో అపెండిక్స్ ఏ ప్రకారం సీట్ కవర్లూ మెత్తలూ రిపేర్ చేయడం, ఆ విమానానికి అప్రూవ్ అయిన సీట్ పార్టులు మార్చడం ఓనర్ పైలట్ చేసుకోవచ్చు, లాగ్‌బుక్ లో రాసి సంతకం పెట్టాలి. ఫ్రేమ్ కోయడం, వెల్డింగ్, సీట్ ముందుకి వెనక్కి జరిగే రెయిల్ ని కదపడం మాత్రం మన చేతిలో పని కాదు, మెకానిక్ కావాలి, పెద్ద మార్పు అయితే దాన్ని నమోదు చేసే ఫారం 337 కావాలి. నేను ఫోమ్ మందం మారుస్తున్నా కాబట్టి ముందే మా ఐఏ (తనిఖీ అధికారం ఉన్న మెకానిక్) దగ్గరకి తీసుకెళ్ళి గీసి చూపించి సరే అన్నాకే మొదలుపెట్టా. ఫోమ్ కీ గుడ్డకీ మంటల టెస్ట్ పాసయిన పేపర్ ఉండాలి, సోఫాల షాపులో దొరికే ఫోమ్ వద్దు, అది అంటుకుంటే పొగే చంపేస్తుంది.

ఒక ముఖ్యమైన తేడా. 1996 నుంచి వచ్చిన 172ఆర్, 172ఎస్ సీట్లు వేరు. 1988లో వచ్చిన రూల్ ప్రకారం వాటిని ముందుకి 26జీ, కిందికి 19జీ కుదుపులతో (జీ అంటే మన బరువుకి అన్ని రెట్ల బలం) టెస్ట్ చేశారు, అందులో మెత్త కూడా టెస్ట్ లో భాగమే. వాటి ఫోమ్ లో అర అంగుళం కూడా మార్చకండి. నేను చెప్తున్నది అంతకుముందు మోడల్స్ గురించే. ఇండియాలో క్లబ్ విమానం అయితే, అది బేగంపేట అయినా ఇంకెక్కడైనా, ఏఎంఈ (లైసెన్స్ ఉన్న మెయింటెనెన్స్ ఇంజనీర్) సంతకం లేకుండా సీట్ మీద చెయ్యే వేయకూడదు. అక్కడ మీరు చేయగలిగింది విమానం ఎంచుకోవడం. డైమండ్ డీఏ40 ఉంటే ఒకసారి కూర్చుని చూడండి, దాంట్లో సీట్ కదలదు, పెడల్సే ముందుకి వెనక్కి జరుగుతాయి, పొడుగు కాళ్ళ వాళ్ళకి అది బాగా కుదురుద్ది.

ఇక అసలు పని. మా సీట్ కవర్ విప్పితే లోపల ఫోమ్ పసుపు పచ్చగా పొడి రాలుతోంది, వెనక భాగం పాత నులక మంచంలా దిగిపోయి ఉంది. మంచం నులక వదులైతే మనం నడిమధ్యకి జారిపోతాం కదా, అదే జరుగుతోంది, పిర్రలు వెనక గుంటలోకి జారి, నడుము గుండ్రంగా వంగి, ముందు అంచు తొడల కింద కోసేస్తోంది. నా తిమ్మిరికి కారణం అదే, మెత్తదనం చాలక కాదు.

పాతది దాదాపు మూడున్నర అంగుళాలు ఉంది. దాని బదులు విమానాల కోసం చేసే కాన్ఫర్ ఫోమ్ వాడా, ఇది నొక్కితే మెల్లగా దిగి మెల్లగా లేస్తుంది. రంగుని బట్టి గట్టిదనం, ఆకుపచ్చ గట్టిది, నీలం మధ్యస్తం, గులాబీ మెత్తన. అడుగున ఆకుపచ్చ ఒక అంగుళం, మధ్యలో నీలం ఒక అంగుళం, పైన గులాబీ అర అంగుళం, మొత్తం రెండున్నర. కూర్చుంటే తల అంగుళం దాకా దిగింది. మామూలు మెత్తటి ఫోమ్ ఎందుకు వద్దంటే, గట్టిగా నేలకి తగిలినప్పుడు అది ముందు మొత్తం నలిగిపోద్ది, ఆలోపు సీట్ ఆగిపోతుంది, మన ఒళ్ళు ఇంకా కిందికి వస్తూనే ఉంటుంది, చివర్లో ఒక్కసారిగా రేకుకి కొట్టుకుంటుంది, ఆ దెబ్బంతా వెన్నుపూసకే. బూరుగు దూది పరుపులాంటి సుఖం ఇక్కడ ప్రమాదం.

కొయ్యడానికి కరెంటుతో నడిచే బ్రెడ్ కత్తి బాగా పనిచేస్తుంది, మామూలు కత్తి అయితే అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. తోక ఎముక వచ్చే చోట నీలం పొరలో నాలుగు వేళ్ళ వెడల్పు గాడి తీశా. కాళ్ళు పొడుగున్న వాళ్ళు ముందు అంచు దగ్గర వాలుగా ఒక ముక్క పెట్టుకుంటే తొడకి ఆసరా దొరుకుద్ది, కానీ మోకాలి వెనక రెండు మూడు వేళ్ళ ఖాళీ వదలండి, ఎక్కువ లేపితే యోక్ తగులుద్ది, రక్తం కూడా ఆగుద్ది. అతికించే ముందు పొరలన్నీ ఒక ప్లైవుడ్ చెక్క మీద పేర్చి, ఇంట్లో దాని మీద పూర్తి గంట కూర్చోండి. ఐదు నిమిషాలకి ఏ ఫోమ్ అయినా బాగానే ఉంటుంది. ఇంకోటి, ఈ ఫోమ్ చలికి బిగుసుకుపోద్ది, జనవరి పొద్దున మొదటి పది నిమిషాలు చెక్కలా ఉంటుంది, ఒంటి వేడికి సర్దుకుంటుంది, కంగారుపడి మార్చేయకండి.

నడుము ఆసరా ముప్పావు అంగుళం చాలు, ప్యాంటు బెల్ట్ లెవెల్ లో. ఎక్కువ పెడితే ఒళ్ళు ముందుకి వచ్చి మోకాళ్ళు మళ్ళీ ప్యానెల్ దగ్గరకే పోతాయి.

సీట్ రెయిల్ విషయం మాత్రం దండం పెట్టి చెప్తున్నా. పాత సెస్నాల్లో టేకాఫ్ లో ముక్కు లేవగానే సీట్ వెనక్కి జారిపోయి, పైలట్ యోక్ ని పట్టుకుని తనతో పాటే లాగేసి ప్రాణాలు పోయిన ఘటనలున్నాయి. దీనికోసమే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2011-10-09 అనే ఏడీ (తప్పనిసరిగా పాటించాల్సిన భద్రతా ఆదేశం) ఇచ్చింది, ప్రతి 100 గంటలకి లేదా 12 నెలలకి, ఏది ముందైతే అది, రెయిల్ చెక్ చేయాలి. రెయిల్ లో రంధ్రం అరిగి 0.36 అంగుళం దాటితే రెయిల్ మార్చాలి, లాక్ పిన్ కనీసం 0.15 అంగుళం లోపలికి దిగాలి. మనం పొడుగు వాళ్ళం ఎప్పుడూ చివరి రంధ్రాలే వాడతాం, అందుకే అవి ఎలా ఉన్నాయో మెకానిక్ ని ప్రత్యేకంగా అడగండి. ఇంకో అంగుళం కోసం రెయిల్ చివరున్న స్టాప్ ఎప్పుడూ తీయకండి, తీస్తే సీట్ రెయిల్ నుంచే ఊడొస్తుంది. సీట్ జారితే పట్టి ఆపే రెండో స్టాప్ సెస్నా ఇచ్చింది, లేకపోతే పెట్టించండి. ఎక్కిన ప్రతిసారీ పిన్ దిగిన చప్పుడు వినాలి, తర్వాత పాదాలు నేలకి తన్నిపెట్టి వెనక్కి గట్టిగా తోసి చూడాలి.

బరువు లెక్క కూడా మళ్ళీ వేయండి. 172ఎన్ పుస్తకంలో ముందు సీటు ఆర్మ్ (బరువు లెక్కకి పెట్టుకున్న గీత నుంచి సీటు దూరం) 37 అంగుళాలు అని ఉంటుంది, పక్కనే 34 నుంచి 46 అని కూడా ఉంటుంది, 37 మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి. నేను 210 పౌండ్లు, 37 బదులు 42 దగ్గర కూర్చుంటే 1,050 ఇంచ్-పౌండ్లు ఎక్కువ, 2,300 పౌండ్ల ఫుల్ బరువులో సీజీ (విమానం బరువు కేంద్రం) సుమారు 0.46 అంగుళం వెనక్కి పోద్ది. ఒక్కడినే ఉంటే ఫరవాలేదు, వెనక ఇద్దరూ సామానూ ఉన్నప్పుడు సీజీ వెనక హద్దు 47.3 అంగుళాలకి ఎంత దగ్గరున్నామో చూడాల్సిందే.

కళ్ళు అంగుళం దిగితే రన్‌వే కనపడే తీరు మారిపోద్ది. నేను మొదటి రోజు ఫ్లేర్ (నేలకి తగిలే ముందు ముక్కు లేపడం) ఆలస్యంగా చేసి గట్టిగానే దించా, ఇంకా ఎత్తులో ఉన్నా అనుకున్నా. ఇన్‌స్ట్రక్టర్ ని పక్కన పెట్టుకుని నాలుగైదు ల్యాండింగ్ లు చేశాకే కుదిరింది, మీరు కూడా అలా చేశాకే మనుషుల్ని ఎక్కించుకోండి.

మా పార్ట్‌నర్లలో ఒకావిడ ఐదడుగుల మూడు అంగుళాలు, సీట్ దించేసరికి ఆవిడకి ముందు ఏమీ కనపడలేదు. మిగిలిన ఆకుపచ్చ ఫోమ్ తోనే ఆవిడకి విడిగా ఒక మెత్త కుట్టించాం, కింద పట్టీ పెట్టి సీట్ ఫ్రేమ్ కి బిగించేలా. నేను ఎక్కేటప్పుడు అది విప్పి బ్యాగేజ్ లో నెట్ కింద పెడతా, ఆవిడ ఎక్కేటప్పుడు పట్టీ బిగించి లాగి చూసుకుంటుంది.