పగడపు గోడ వెంబడి స్కూబా డైవింగ్ ఎలా చేయాలి? నెల్లూరు, ఒంగోలు వాళ్లకి ఒక గైడ్

ముందే చెప్పేస్తాను, మైపాడులోనో కొత్తపట్నంలోనో ఇది కుదరదు. మన తీరంలో అడుగంతా ఇసుక, ఒండ్రు. నీళ్లు ఎప్పుడూ మసకగానే ఉంటాయి. దిబ్బలు కట్టే పగడాలు బతకాలంటే తేట నీరు, ఎండ వెలుతురు కావాలి. కాబట్టి చెన్నై వెళ్లి అండమాన్ విమానం ఎక్కాల్సిందే.

ఎక్కడికి, ఎప్పుడు?

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) విమానంలో రెండు గంటల పైచిలుకు. అక్కడి నుంచి ఫెర్రీలో హావ్‌లాక్, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్. ఆ జెట్టీకి దగ్గర్లోనే డైవర్లు ‘ది వాల్’ అని పిలిచే పగడాలు పట్టిన రాతి గోడ నీళ్లలో నిటారుగా కిందికి దిగిపోతుంది. లక్షద్వీప్‌లోనూ మంచి గోడలున్నాయి గానీ, అక్కడికి మన దేశస్తులైనా ముందుగా పర్మిట్ తీసుకోవాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకి అండమానే సుఖం. జనవరి నుంచి ఏప్రిల్ లోపు పెట్టుకోండి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ముందు డైవింగ్ కోర్సు చేసి సర్టిఫికెట్ కార్డు సంపాదించండి

టూరిస్టులకి ఒక్క పూటలో చేయించే ‘ట్రై డైవ్’తో గోడ దగ్గరికి పోకూడదు. అందులో ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకునే ఉంటాడు, లోతు కూడా 12 మీటర్లు దాటనివ్వరు. గోడకి కావాల్సింది కనీసం ‘ఓపెన్ వాటర్’ కోర్సు. మూడు నాలుగు రోజుల పని. అది ఉంటే 18 మీటర్ల దాకా, ఆపై ‘అడ్వాన్స్‌డ్’ చేస్తే 30 మీటర్ల దాకా దిగొచ్చు. ఈత పరీక్ష ఉంటుంది: ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు నీళ్లపై తేలాలి. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి సమస్యలు ఉంటే మెడికల్ ఫారంలో దాచకండి. మన డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని ఊళ్లోనే ఆ పని తేల్చుకుని బయల్దేరండి.

బావుల్లో ఈత నేర్చుకున్నవాళ్లకి ఒక మాట. మునిగేటప్పుడు ఊపిరి బిగపట్టడం మనకి చిన్నప్పటి అలవాటు. స్కూబాలో ప్రాణం మీదికి తెచ్చేది అదే. 10 మీటర్ల లోతులో నిండా పీల్చిన గాలి, మీరు పైకి తేలేసరికి రెండింతలు అవుతుంది. దాన్ని వదలకపోతే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మెల్లగా పీల్చడం, మెల్లగా వదలడం, ఎక్కడా ఆపకపోవడం పూల్‌లోనే అలవాటు కావాలి.

నీళ్లలో నిలబడటం

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. మామూలు డైవ్‌లో పట్టు తప్పితే 8 మీటర్ల దగ్గరో 10 మీటర్ల దగ్గరో ఇసుక తగులుతుంది. గోడ దగ్గర కింద ఏమీ ఉండదు, నీలం తప్ప. పైగా దిగేకొద్దీ ఒత్తిడికి జాకెట్‌లోని గాలి (తేలడానికి గాలి నింపుకునే జాకెట్ ఒకటి తొడుక్కుంటాం), ఒంటికి వేసుకునే రబ్బరు వెట్‌సూట్ మందం రెండూ నలిగిపోతాయి. అంటే ఎంత కిందికి పోతే అంత తొందరగా ఇంకా కిందికి పోతారు. కళ్లు గోడ మీది రంగుల్లో ఉంటే ఈ సంగతి తెలియను కూడా తెలియదు.

అందుకే మునగడానికి కట్టుకునే సీసం బరువులు సరిగ్గా చూసుకోండి. జాకెట్ ఖాళీ చేసి, మామూలుగా పీల్చిన ఊపిరిని ఒక్క క్షణం ఆపితే (ఇది నీటి పైనే, లోపల కాదు) నీరు కళ్ల మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మునగాలి. అలా కాకుండా రాయిలా దిగిపోతున్నారంటే సీసం ఎక్కువైనట్టే. కొన్నిచోట్ల హడావిడిలో అందరికీ ఒకే లెక్కన బరువులు కట్టేస్తారు. మొహమాటపడకుండా మార్పించుకోండి.

తర్వాత పూల్‌లో ఈ సాధన చేయండి. అడుగుకి ఒక మీటరు పైన, ఒళ్లు అడ్డంగా ఉంచి, చేతులు కట్టుకుని, కాళ్లు కదపకుండా ఉండండి. ఊపిరి తీస్తే కొంచెం లేస్తారు, వదిలితే కొంచెం దిగుతారు. ఆ లేవడం ఊపిరి తీసిన వెంటనే జరగదు, ఒకటి రెండు సెకన్లు ఆగి జరుగుతుంది. కొత్తవాళ్లు ఆ రెండు సెకన్లు ఓపిక పట్టలేక జాకెట్ బటన్ నొక్కుతారు, బుస్సుమని పైకి పోతారు, కంగారుగా గాలి వదిలి మళ్లీ కిందికి పోతారు. చేతులు కట్టుకుని ఐదు నిమిషాలు కదలకుండా ఉండగలిగేదాకా గోడ టికెట్ కొనకపోవడం మంచిదని నా అభిప్రాయం.

గోడ వెంబడి పోయేటప్పుడు

దిగేటప్పుడు ప్రతి మీటరుకి ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవులు సర్దుకోండి. నొప్పి వచ్చేదాకా ఆగొద్దు, జలుబుంటే అసలు దిగొద్దు. మీసాలున్నవాళ్లకి మాస్క్‌లోకి నీళ్లు కారతాయి. మొత్తం తీయక్కర్లేదు, ముక్కు కింద పైఅంచు కాస్త కత్తిరిస్తే చాలు.

అన్నిటికన్నా లోతైన చోటికి మొదటే వెళ్లండి. అక్కడి నుంచి గోడని ఒక భుజం వైపు ఉంచుకుని, ఏటవాలుగా పైకి వస్తూ చూడండి. సిలిండర్ సాధారణంగా 200 బార్‌తో (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) మొదలవుతుంది. 30 మీటర్ల దగ్గర నీటి పైన కంటే నాలుగు రెట్లు గాలి ఖర్చవుతుంది కాబట్టి సిలిండర్‌లో మిగిలిన గాలి చూపించే మీటర్ చూడటం మరవకండి. 100కి వచ్చేసరికి పైకి మళ్లడం, 50 మిగిలి ఉండగా పడవ దగ్గర తేలడం పద్ధతి. నిమిషానికోసారి చేతికి కట్టుకున్న డైవ్ కంప్యూటర్‌లో లోతు చూసుకోండి. బడ్డీకి (మీతో జతగా దిగే డైవర్‌కి) బొటనవేలు ఎత్తి చూపించారంటే ‘పైకి పోదాం’ అని అర్థం, ‘సూపర్’ అని మురిసిపోయి చూపిస్తే డైవ్ అక్కడితో ముగుస్తుంది. బాగుందని చెప్పడానికి చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి.

చిన్న టార్చి తీసుకెళ్లండి. కిందికి పోతుంటే ముందు ఎరుపు మాయమై అంతా బూడిద నీలంగా కనిపిస్తుంది. టార్చి వేయగానే విసనకర్రలా విచ్చుకున్న సీ ఫ్యాన్ అనే పగడం ఎర్రగా వెలుగుతుంది, దాని సందుల్లో గోరంత రొయ్యలు కదులుతుంటాయి. దేన్నీ ముట్టుకోవద్దు. రాయి అనుకున్నది స్టోన్ ఫిష్ కావచ్చు, దాని ముల్లు విషం. పగడాలకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్కనైనా బ్యాగులో వేసుకు రాకండి.

నీరు కిందికి లాగితే

గోడ దగ్గర ఇది అరుదుగానే అయినా జరుగుతుంది. మీ బుడగలు పైకి పోకుండా చుట్టూ తిరుగుతున్నా, కిందికి పోతున్నా, కిందికి లాగే ప్రవాహం ఉన్నట్టు. టెన్షన్ పడి నిటారుగా పైకి ఈదొద్దు, అలసట తప్ప ఫలితం ఉండదు. ఉత్త రాయి చేతికందితే పట్టుకుని ఆగండి. లేదా గోడకి దూరంగా, బయటి నీలం వైపు అడ్డంగా ఈదండి. లాగుడు చాలాసార్లు గోడని ఆనుకునే ఉంటుంది. జాకెట్‌లోకి కాస్త గాలి పెట్టొచ్చు గానీ, లాగుడు తప్పిన మరుక్షణం అది వదిలేయాలి. లేదంటే అదే మిమ్మల్ని పైకి విసిరేస్తుంది. బడ్డీని వదలొద్దు.

పైకి వచ్చేటప్పుడు

నిమిషానికి 9 మీటర్లు మించకుండా లేవండి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి. ఆగడానికి పట్టుకునే తాడు ఉండదు కాబట్టి పూల్‌లో చేతులు కట్టుకుని చేసిన సాధన ఇక్కడ పనికొస్తుంది. ప్రవాహం పడవకి దూరంగా తీసుకెళ్లి ఉంటే రంగు గొట్టంలాంటి సిగ్నల్ బుయ్ పైకి వదలండి.

లోతులో ఒంట్లోకి చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, అది పోకముందే ఎత్తుకి పోతే ప్రమాదం. అందుకే వరసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. తిరుగు టికెట్ ఆ లెక్క ప్రకారం తీసుకోండి. పుదుచ్చేరిలో సాధన డైవ్‌లు చేసి కారులో ఇంటికి వచ్చేవాళ్లు ‘దారేగా’ అని అదే రోజు తిరుమల కొండెక్కే ప్లాన్ పెట్టుకుంటారు. కొండ 800 మీటర్ల పైమాటే, శరీరంలో మిగిలిన నైట్రోజన్‌కి అదీ ఎత్తే. దర్శనం టికెట్ మర్నాటికి తీసుకోండి.