ఒకే ఫైల్లో తెలుగూ ఒడియా: కావలసిన ముక్క తీసే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి వైపు డీటీపీ షాపుల్లో ఇలాంటి టెక్స్ట్ ఫైలు మామూలే. సీజన్ మొత్తం శుభలేఖల మేటరు ఒకదాని కింద ఒకటి, కొంత తెలుగు, కొంత ఒడియా, మధ్యలో తేదీలూ ఫోన్ నంబర్లూ. అందులోంచి ఒక్క కార్డు తీయాలన్నా, తెలుగు వరుసలే ప్రూఫ్‌కి పంపాలన్నా కాపీ పేస్టుతో కూర్చుంటే తెల్లారిపోతుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పది పదిహేను వరుసలు చాలు.

ముందు ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను ఫైల్లో అంకెలుగా దాచే పద్ధతి. ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ అయి ఉండాలి, ప్రోగ్రాంలో తెరిచేటప్పుడు కూడా ఆ మాట చెప్పాలి. చెప్పకపోతే విండోస్‌లో పైథాన్ చాలాసార్లు పాత కోడ్‌పేజీ అనే అక్షరాల పట్టికతో చదవబోయి ఎర్రర్ ఇస్తుంది, లేదా పిచ్చి అక్షరాలు చూపిస్తుంది. చదివేటప్పుడు ‘యూటీఎఫ్-8-సిగ్’ (utf-8-sig) అని ఇవ్వడం ఇంకా మేలు. కొన్ని ఎడిటర్లు ఫైలు మొదట్లో కంటికి కనబడని గుర్తొకటి పెడతాయి. దానివల్ల మొట్టమొదటి శీర్షిక ఒక్కటే దొరకదు, మిగతావన్నీ దొరుకుతాయి. కారణం తెలియకపోతే బుర్ర వేడెక్కే తప్పు ఇది.

అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లను ముందు యూనికోడ్‌లోకి, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత కోడు ఉండే పద్ధతిలోకి మార్చుకోవాలి. వాటిలో తెర మీద కనిపించేది తెలుగే గానీ, లోపల ఉన్నవి తెలుగు కోడ్లు కావు.

ప్రతి కార్డూ ‘## కార్డు 14’ లాంటి వరుసతో మొదలవుతుందనుకుందాం. లెక్క ఇదీ (‘లోపల’ అంటే మనక్కావలసిన కార్డు లోపల ఉన్నామా అని):

లోపల = కాదు
ఫైల్లో ప్రతి వరుసకీ:
– చివరి ఖాళీలు తీసెయ్యి
– వరుస ‘##’తో మొదలైతే, లోపల = కాదు
– లోపల = అవును అయితే, వరుసను కొత్త ఫైల్లో రాయి
– వరుస సరిగ్గా ‘## కార్డు 14’ అయితే, లోపల = అవును

కిటుకంతా ఈ వరసలోనే ఉంది. ఇలాగే ఉంచితే శీర్షిక రాకుండా మేటరు మాత్రమే వస్తుంది. శీర్షిక కూడా కావాలంటే చివరి పరీక్షను రాసే మెట్టుకి సరిగ్గా పైన పెట్టండి. ముగింపు గుర్తు వేరే పెట్టుకోవద్దు, ఎవరో ఒకరు మరిచిపోతారు, పక్క పెళ్లివారి పేర్లు మీ కార్డులోకి వచ్చేస్తాయి. ‘సరిగ్గా’ అన్నది కూడా ముఖ్యమే: ‘## కార్డు 1’తో మొదలయ్యేవి అని వెతికితే 1తో పాటు 10, 14 కూడా వచ్చిపడతాయి.

తెలుగు వరుసలు వేరు చెయ్యడానికి అక్షరాల కోడ్లు చూడాలి. తెలుగువి 3072 నుంచి 3199 వరకు, ఒడియావి 2816 నుంచి 2943 వరకు. పైథాన్‌లో ‘ఆర్డ్’ (ord) ఫంక్షన్ ఈ అంకె చెబుతుంది. వరుసలో ఏ భాషవి ఎక్కువ ఉంటే ఆ భాష కింద వెయ్యండి. రెండూ సున్నా అయితే అది ఫోన్ నంబరో తేదీయో, పై వరుస ఎటు వెళ్తే అటే పంపండి. ఒడియా వాక్యం చివర పెట్టే నిలువు గీత ‘।’ కోడు 2404. అది దేవనాగరి (హిందీ లిపి) కోడ్ల గదిలోది కాబట్టి ఏ లెక్కలోకీ రాదు, పట్టించుకోనక్కర్లేదు.

వడపోత వరుసల వారీగానే చెయ్యండి, అక్షరాల వారీగా వద్దు. తెలుగు కోడ్లు, ఖాళీలు మాత్రమే ఉంచి మిగతావి కొట్టేస్తే అక్షరాలు కలిసి ఒత్తు పడకుండా ఆపే 8204 అనే కనబడని గుర్తు కూడా పోతుంది. అప్పుడు ‘రాజ్‌కుమార్’ కాస్తా ‘రాజ్కుమార్’ అయిపోతుంది. పేరు తప్పుపడితే కార్డులు మళ్లీ కొట్టాల్సిందే. ఈ గుర్తే వెతుకులాటలో ఇంకో చిక్కు తెస్తుంది. ‘శ్రీనివాస్’ చివర అది ఉన్నా లేకపోయినా కంటికి ఒకటే, ప్రోగ్రాంకి మాత్రం వేర్వేరు. చివరి ఖాళీలు తీసినా ఇది పోదు. అందుకని పోల్చేటప్పుడు రెండు వైపులా దాన్ని తీసేసి పోల్చండి, రాసేటప్పుడు మాత్రం అసలు వరుసనే రాయండి.

కొత్త ఫైలుకి వేరే పేరు పెట్టండి. పాత పేరే ఇచ్చి రాసే మోడ్‌లో తెరిస్తే, ఒక్క వరుసైనా చదవకముందే ఫైలు ఖాళీ అయిపోతుంది.