గేర్ బాక్స్‌ను కదపకుండా ఇంజిన్‌ను పైకి తీయడం

ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఉన్న కారులోంచి ఇంజిన్‌ను మాత్రమే బయటికి తీయవలసి వచ్చినప్పుడు పని అంతా టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిరుగుడును నూనె ద్వారా గేర్ బాక్స్‌కు అందించే గుండ్రటి భాగం) చుట్టూ తిరుగుతుంది. అది ఇంజిన్‌కు బిగించి ఉంటుంది కనుక ఇంజిన్‌తోపాటే వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గేర్ బాక్స్‌కు చెందిన భాగం; ఇంజిన్ లేచిపోయాక కూడా అది గేర్ బాక్స్‌లోనే ఉండిపోవాలి.

ఉదాహరణకు 1970ల నాటి షెవ్రొలే నోవాను తీసుకుంటాను. అందులో 350 క్యూబిక్ అంగుళాల, అంటే 5.7 లీటర్ల స్మాల్ బ్లాక్ వి8 ఇంజిన్, దాని వెనక మూడు గేర్ల టర్బో హైడ్రామాటిక్ 350 గేర్ బాక్స్ ఉంటాయి. అమెరికాలో ఇళ్ల గ్యారేజీల్లో నేటికీ విప్పి బిగిస్తున్న జోడీ ఇది. గేర్ బాక్స్ ఆరోగ్యంగా ఉంటే దాన్ని కదపకపోవడమే మేలు, ఎందుకంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, గేరు మార్చే కడ్డీలు, వెనక క్రాస్ మెంబర్ దేనినీ ముట్టుకోనక్కర్లేదు. గేర్ బాక్స్‌కూ మరమ్మతు అవసరమైతే మాత్రం రెండింటినీ కలిపి తీయండి.

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, బానెట్ హింజీల చుట్టూ గీతలు గీసి, ఇద్దరు పట్టుకుని బానెట్‌ను దించండి. రాడియేటర్ నీటిని పళ్లెంలోకి వంపి వెంటనే మూత పెట్టండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది కనుక కుక్కలు నాకుతాయి, అది వాటి ప్రాణం తీస్తుంది. రాడియేటర్‌కు వచ్చే రెండు సన్నని లోహపు గొట్టాలు గేర్ బాక్స్ నూనెవి. వాటిని ఫ్లేర్ నట్ పానాతోనే విప్పి, కొసలను బిరడాలతో మూయండి. మామూలు పానా వాడితే నట్టు మూలలు అరిగిపోతాయి. రాడియేటర్, ఫ్యాన్ తీసేయాలి, ఎందుకంటే ఇంజిన్ పైకి లేచే ముందు ముందుకు జరగవలసి ఉంటుంది. ఏసీ ఉంటే గ్యాస్ వదలకుండా కంప్రెసర్‌ను గొట్టాలతో సహా విప్పి పక్కకు కట్టండి.

తరువాత ఇంజిన్‌నూ గేర్ బాక్స్‌నూ కలిపే చిన్న బంధాలను వెతకాలి. కార్బొరేటర్ నుంచి వెళ్లే కిక్‌డౌన్ కేబుల్ (యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కింది గేరుకు మార్చేది), ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి గేర్ బాక్స్ మీది మాడ్యులేటర్‌కు (గేర్లు ఎప్పుడు మారాలో సరిచేసే భాగం) వెళ్లే వాక్యూమ్ గొట్టం, నూనె కొలిచే పుల్ల దిగే గొట్టానికి ఇంజిన్ వెనక ఉన్న పట్టీ, ఈ మూడింటిలో ఒకటి మరిచిపోయినా ఇంజిన్ లేచేటప్పుడు వంగుతుంది లేదా తెగుతుంది. ఇంజిన్ ముందు కుడివైపు ఉన్న పెట్రోల్ పంపు గొట్టాన్ని విప్పి మూయండి. డిస్ట్రిబ్యూటర్ ఈ ఇంజిన్‌లో వెనక చివర ఉంటుంది, ఫైర్‌వాల్‌కు తగిలి పగలకుండా దాని క్యాప్‌ను ముందే తీసేయండి. ఎగ్జాస్ట్ గొట్టాల నట్లు తుప్పుపట్టి ఉంటాయి కనుక ముందు రోజు రాత్రే వాటికి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే మరుసటి రోజు ఎంతో శ్రమ తప్పుతుంది.

ఇప్పుడు కారు కిందికి వెళ్లాలి. కారు జాకీ మీద కాక, గట్టి నేల మీద నిలిపిన జాక్ స్టాండ్ల మీద ఉందని మరొకసారి చూసుకోండి. ఈ ఇంజిన్‌లో స్టార్టర్ నేరుగా బ్లాక్‌కే, కింది నుంచి రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. దానికీ బ్లాక్‌కూ మధ్య పలుచని రేకులు ఉంటే అవి అదే వరుసలో తిరిగి వెళ్లాలి, వాటిని దాచండి. గేర్ బాక్స్ ముందున్న గంట ఆకారపు తొడుగు, అంటే బెల్ హౌసింగ్, దాని కింది రేకు మూత తీస్తే ఫ్లెక్స్ ప్లేట్ (ఇంజిన్ ప్రధాన షాఫ్టు అయిన క్రాంక్ వెనక చివర బిగించిన పలుచని చక్రం) కనిపిస్తుంది. కన్వర్టర్‌ను దానికి పట్టి ఉంచేవి మూడే బోల్టులు, ఒక్కొక్కటిగా కిందికి వస్తాయి. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ముందున్న క్రాంక్ బోల్టును పానాతో సవ్యదిశలో తిప్పితే ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. మొదటి బోల్టు విప్పే ముందే ఫ్లెక్స్ ప్లేట్‌కూ కన్వర్టర్‌కూ కలిపి సుద్దతో ఒక గుర్తు పెట్టండి.

మూడూ ఊడాక కన్వర్టర్‌ను చేత్తో వెనక్కి నెట్టి చూడండి. క్రాంక్ మధ్య రంధ్రంలో ఉన్న దాని ముక్కు చుట్టూ గోధుమరంగు తుప్పు పొడి కనిపిస్తూ అది కదలకపోతే, వెడల్పాటి స్క్రూడ్రైవర్‌తో మెల్లగా, అన్ని వైపుల నుంచీ సమానంగా ఒత్తండి. అది కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిగి చేతికి సులువుగా తిరిగే వరకు పైపనికి పోవద్దు.

గేర్ బాక్స్ ముందు భాగాన్ని మోస్తున్నది ఇంజినే కనుక, గేర్ బాక్స్ పళ్లెం కింద వెడల్పాటి చెక్కను పెట్టి జాకీతో ఆధారం ఇవ్వండి. బెల్ హౌసింగ్ బోల్టులు ఆరు, 3/8 అంగుళం మరవి. పై రెండూ కారు కింద నుంచి, గేర్ బాక్స్ వెంబడి పోయే పొడవాటి ఎక్స్‌టెన్షన్, యూనివర్సల్ జాయింట్‌తో మాత్రమే సాఫీగా అందుతాయి. చివరి రెండింటిని హాయిస్ట్ (ఇంజిన్‌ను ఎత్తే చిన్న క్రేన్) బరువు అందుకునే దాకా ఉంచండి.

ఈ ఇంజిన్ సుమారు 260 కిలోల బరువుంటుంది. గొలుసును ఒక సిలిండర్ హెడ్ ముందు భాగానికీ రెండో హెడ్ వెనక భాగానికీ, ఎదురెదురు మూలలుగా, దిట్టమైన బోల్టులతో బిగించండి. హాయిస్ట్ చేయి పొడవు పెరిగేకొద్దీ అది మోయగల బరువు తగ్గుతుంది. గొలుసు బిగిశాక, ఇంజిన్‌ను కారుకు పట్టి ఉంచే మౌంట్ల బోల్టులు లాగి, మిగిలిన రెండు బెల్ హౌసింగ్ బోల్టులు తీయండి. బ్లాక్‌కున్న రెండు డోవెల్ పిన్నులు (బెల్ హౌసింగ్‌ను సరైన చోట కూర్చోబెట్టే మేకులు) వదిలే వరకు ఇంజిన్‌ను ముందుకే జరపాలి, పైకి లేపకూడదు. ఒకరు సందులోంచి లైటు వేసి, కన్వర్టర్ ముందుకు కదులుతోందేమో కనిపెడుతూ, కదిలితే వెనక్కి నెడుతూ ఉండాలి. ఇంజిన్ విడిపోగానే బెల్ హౌసింగ్ నోటికి అడ్డంగా ఒక ఇనుప పట్టీని బిగించండి.

ఈ పట్టీ నేనొకసారి వేయలేదు. ఇంజిన్ బాగుచేస్తున్న రోజుల్లో కన్వర్టర్ కొద్దిగా ముందుకు జారింది, నేను గమనించలేదు. ఇంజిన్ తిరిగి దించినప్పుడు వేలెడంత సందు మిగిలితే బోల్టులతోనే లాగి బిగించాను, గేర్ బాక్స్ ముందు పంపు పగిలింది. ఏ గేర్ బాక్స్‌ను ముట్టుకోకూడదనుకున్నానో దాన్నే దించవలసి వచ్చింది.

కాబట్టి తిరిగి బిగించేటప్పుడు కన్వర్టర్‌ను లోపలికి నెడుతూ తిప్పండి. రెండు షాఫ్టుల పళ్లలోనూ, ఆపైన పంపు గాడిలోనూ అది అంచెలంచెలుగా కూర్చుంటుంది, కూర్చున్న ప్రతిసారీ టక్కుమనే కుదుపు చేతికి తెలుస్తుంది. అప్పుడు బ్లాక్, బెల్ హౌసింగ్ చేతి బలంతోనే పూర్తిగా కలవాలి. కలవకపోతే ఇంజిన్‌ను వెనక్కి తీయండి. కలిశాక ఆరు బోల్టులను 35 పౌండ్-అడుగుల, అంటే సుమారు 47 న్యూటన్ మీటర్ల బిగువుకు తెచ్చి, కన్వర్టర్‌కూ ఫ్లెక్స్ ప్లేట్‌కూ మధ్య సందు కొలవండి. అది 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటే, సుద్ద గుర్తులు కలిపి, మూడు బోల్టులూ వేయవచ్చు.