గోడలో పొదిగిన కడప బండ అరలను తొలగించే విధానం

పాత ఇళ్లలో గోడ అలమరలకు కడప బండలనే అరలుగా వేయడం ఆనవాయితీ. వాటిని తీసేయదలచినవారు ముందుగా గ్రహించవలసింది ఒకటుంది. బండ కొసలు రెండు పక్కలా గోడలోకి దిగి ఉంటాయి కనుక, గునపంతో పెకలిస్తే బండతోపాటు ఇటుకలూ ఊడివస్తాయి. మా ఇంట్లో మొదటి అరను అలాగే లేపించినప్పుడు జానెడు వెడల్పున గోడ పెళ్లలుగా రాలింది. ఆ గుంట పూడ్చడానికే ఒక పూట పట్టింది. బండను గోడ దగ్గర కోసి, లోపలి కొసలను అలాగే వదిలేయడం మేలు.

పని మొదలుపెట్టే ముందు అలమర వెనుక గోడ మందం చూసుకోవాలి. చాలా ఇళ్లలో అది 4.5 అంగుళాలే ఉంటుంది కాబట్టి గట్టి దెబ్బలకు తట్టుకోదు. పైనున్న సజ్జను లింటెల్‌తో (ఖాళీ పైన గోడ బరువు మోసే దూలంతో) కలిపి కాంక్రీటుతో పోసి ఉంటే, ఇంజనీరు చూడనిదే దాని జోలికి పోకూడదు. ఆ గోడలో వైరింగ్ ఉంటే ఆ గది కరెంటు ఆపి, టెస్టర్‌తో సరిచూసుకుని, గ్రైండర్‌కు వేరే గది నుంచి వైరు లాగండి.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న బండ సుమారు 22 కిలోలు తూగుతుంది. ఒంటరిగా దించడం ప్రమాదం. పై అరతో మొదలుపెట్టి కిందికి రావాలి. మధ్యలో నిలువు బండ ఉంటే, దానిపై ఆనిన అరలన్నీ దిగేదాకా దాన్ని కదపకూడదు. కోయబోయే బండ కింద రెండు కర్రలు బిగుతుగా నిలబెట్టి, గోడకు రెండు వేళ్ల దూరంలో రెండు కొసలనూ డైమండ్ బ్లేడుతో కోయండి. వెనుక మూలకు వచ్చేసరికి గ్రైండర్ గోడకు తగిలి ముందుకు పోదు. మిగిలిన ఆ రెండు మూడు అంగుళాలను ఉలితో మెల్లగా, ఒకే గీత వెంబడి కొడితే బండ విడిపోతుంది. అప్పుడు ఇద్దరూ చెరోవైపు పట్టుకుని దించాలి. గోడ బయట మిగిలిన మొనను కూడా గోడ అంచున గాటు పెట్టి ఉలితో విరగ్గొట్టవచ్చు.

ఈ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ఫ్యాను ఆపి, గుమ్మానికి తడి దుప్పటి కట్టండి. దుమ్ము అణచడానికని కరెంటు గ్రైండర్‌పై నీళ్లు మాత్రం పోయకండి.



చివరగా, గోడలో మిగిలిన బండ కొసల చుట్టూ పాత పూతను రెండు అంగుళాల మేర గీకి, బాగా తడిపి, సన్న ఇనుప వల పరిచి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక కలిపి పూయాలి. వారం రోజులు తడుపుతూ, ఆపై పూర్తిగా ఆరాకే లప్పం పెట్టాలి; తొందరపడితే రంగు పొక్కులు లేస్తుంది.